తెజుకా: కదిలే బొమ్మ కోసం ఒక జీవితం

1945 ఏప్రిల్ నెల. జపానులోని ఒసాకా నగరం చాలాభాగం బూడిద అయి ఉన్నది. అంతకు నెలనాళ్ల ముందు ఒక రాత్రి అమెరికా విమానాలు కురిపించిన నిప్పులో నగరం నడిబొడ్డు తగులబడిపోయినది. బడిపిల్లలను పల్లెలకు తరలించివేసినారు. పెద్దలు యుద్ధభూమిలోనో, ఆయుధాలు చేసే కర్మాగారాలలోనో ఉన్నారు. అటువంటి సమయంలో, కాలగా మిగిలిన షోచికుజా అనే సినిమా మందిరంలో ఒక కొత్త చిత్రం ప్రదర్శనకు వచ్చినది. పిల్లల కోసం తీసిన చిత్రం. చూడటానికి పిల్లలు లేరు. చల్లబడిపోయిన ఆ ఖాళీ హాలులో కళ్లజోడు పెట్టుకొన్న బక్కపలుచని కుర్రవాడొకడు కూర్చుండి తెరవంక చూస్తూ ఏడ్చినాడు. అతనికి అప్పటికి పదహారేండ్లు. పేరు ఒసాము తెజుకా.

ఆ చిత్రం జపాను నౌకాదళం వారు తమ ప్రచారానికై తీయించినది. దర్శకుడు మిత్సుయో సెవో. పీచుపండులో పుట్టిన మొమోతారో అనే బాలవీరుడు అక్కడి అవ్వలు చెప్పే కథలలోనివాడు. అతనిని సేనానిగా చేసి, ఎలుగుబంటి, కోతి, కుక్క మొదలైన జంతువులకు సైనికవేషం వేసి, శత్రువులను గెలిచిన కథగా అల్లినారు. 74 నిమిషాల ఆ చిత్రం మొత్తం చేతితో వేసిన బొమ్మలతో నడుస్తుంది. ప్రచారం ప్రచారమే, దానిని చూచి కన్నీరు పెట్టవలసిన పని లేదు. కాని అందులో ఒకచోట డాండిలియన్ అనే గడ్డిపూవు దూది, మన జిల్లేడు దూది వంటిది, గాలికి విడివడి బరువు లేకుండా మెల్లగా తేలిపోతుంది. చూస్తూ ఉండగానే ఆ దూదిపింజలు ఆకాశంనుంచి దిగే సైనికుల గొడుగులను తలపిస్తాయి. ఆజ్ఞకు లోబడి పనిచేసిన చిత్రకారులు ఆజ్ఞలో లేని దయను ఆ బొమ్మలలో దాచిపెట్టినారని ఆ కుర్రవానికి తోచినది. ఎప్పటికైనా తానూ ఒక కదిలే బొమ్మల చిత్రం తీయవలెనని ఆనాడే నిశ్చయించుకొన్నాడు.

అతడు ఆ చిత్రాలు తీసినాడు. పదులకొద్దీ తీసినాడు. జపానులో ఆ కళకు ఈనాడున్న స్వరూపాన్ని ఇచ్చినవారిలో మొదట చెప్పవలసిన పేరు అతనిదే. కాని ఆ ఖాళీ హాలులో అతనిని ఏడిపించిన కదలిక, ఆ దూదిపింజ కదలిక, అతని చిత్రాలలో ఎంత ఉన్నది అన్న ప్రశ్న అంత తేలికగా తెగేది కాదు.

తెజుకా 1928 నవంబరు 3వ తేదీన ఒసాకా దగ్గరి తొయొనాకాలో జన్మించినాడు. పసితనంలోనే కుటుంబం తకరజుకాకు మారినది. అది వేడినీటి బుగ్గలకు, అందరూ స్త్రీలే నటించే నాటకశాలకు ప్రసిద్ధి చెందిన ఊరు. తల్లికి ఆ నాటకాలంటే ప్రాణం. పిల్లవానిని వెంట తీసుకొని పోయేది. పురుషవేషం కట్టిన స్త్రీలు, రంగుదీపాల క్రింద మెరిసే వారి పెద్దపెద్ద కన్నులు, ఆ పాట, ఆ ఆర్భాటం బాలుని మనస్సులో నాటుకొన్నవి. రాకుమారుని వేషంలో పెరిగిన రాకుమార్తె కథను 1953లో అతడు బొమ్మలలో చెప్పినప్పుడు ఆ తకరజుకా రంగస్థలమే కాగితం మీదికి దిగినది. ఇంటిలో బొమ్మలకథల పుస్తకాలను తల్లి ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క గొంతు పెట్టి చదివి వినిపించేది. తండ్రి పాతే బేబీ అనే చిన్న ప్రొజెక్టరు కొని తెచ్చినాడు. ఆ కాలంలో ఇంటిగోడ మీద చాప్లినును, మిక్కీమౌసును చూడగలిగిన పిల్లలు జపానులో ఎందరో ఉండరు.

బడిలో మాత్రం అతడు పదిమందీ ఏడిపించే పిల్లవాడు. చింపిరిజుట్టు, కళ్లజోడు, బలహీనమైన ఒళ్లు. బొమ్మలు వేసి చూపిన తరువాతనే తోటివారు దగ్గరికి రానిచ్చినారు. బొమ్మల తరువాత అతనికి ప్రీతి పురుగులపైన. అడవులవెంట తిరిగి, పురుగులను పట్టి, కాళ్లూ రెక్కలూ కొలతలతో సహా దించేవాడు. ఒసాముషి అని ఒకజాతి పేడపురుగు వంటి నల్లని పురుగు ఉన్నది. తన పేరుకూ దానికీ ఉన్న పోలిక చూచి మురిసి, పేరు చివర పురుగు అనే అర్థం గల అక్షరాన్ని చేర్చుకొన్నాడు. వ్రాతలో అక్షరం ఉంటుంది. పలుకుటలో మార్పు లేదు. తరువాత తాను స్థాపించిన చిత్రసంస్థకు కూడ ముషి అనే పేరు పెట్టినాడు. పురుగు అనియే దాని అర్థం. గొంగళి గూడు కట్టుకొని, గూడు చీల్చుకొని, మరొక రూపంతో ఎగిరిపోవటం చిన్ననాడే కన్నులారా చూచినవాడు అతడు. రూపం మారటం అన్న ఆ వింత అతని కథలన్నింటికీ మూలకందమని చెప్పవచ్చు.

1945 వేసవిలో ఒసాకాపై మరల బాంబులు పడినవి. విద్యార్థులను కర్మాగారాలలో పనికి పెట్టిన రోజులవి. తెజుకా శత్రువిమానాలను కనిపెట్టే కావలిగోపురం మీద ఉండగా చుట్టుప్రక్కల అగ్నివర్షం కురిసినది. అతడు బ్రతికినాడు. ఆగస్టు 15వ తేదీ రాత్రి, చీకట్లో మగ్గిన నగరంలో తిరిగి దీపాలు వెలిగినవి. తాను బ్రతికి ఉన్నానన్న సంగతి అప్పుడే తనకు నిజంగా తెలిసినదని అతడు జీవితాంతం చెప్పుకొన్నాడు. ఆ ఏడే ఒసాకా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు చేరినాడు.

చిత్రం తీయవలెనన్న కోరిక ఉన్నది. చేతిలో చిల్లిగవ్వ లేదు. దేశంలో తిండి లేదు. ఫిల్ము మాట దేవుడెరుగు. ఉన్నవి కాగితం, సిరా. అందుచేత అతడు సినిమాను కాగితం మీదనే తీయ మొదలుపెట్టినాడు. ఇది అలంకారానికి చెప్పే మాట కాదు. షిచిమా సకాయి కూర్చిన కథకు అతడు బొమ్మలు వేయగా 1947లో వెలువడిన కొత్త రత్నద్వీపం అనే పుస్తకం తెరచి చూస్తే సంగతి బోధపడుతుంది. ఒక బాలుడు కారు నడుపుకొంటూ ఓడరేవుకు పోతున్నాడు. కథకు కావలసినది అంతే. అంతకు ముందటి చిత్రకారుడైతే ఒక బొమ్మతో ముగించి, ప్రక్కన ఒక వాక్యం వ్రాసి ఉండేవాడు. తెజుకా ఆ ప్రయాణాన్ని పుటలవెంట పరచినాడు. కారు దూరాన కనపడుతుంది, దగ్గరికి వస్తుంది, చక్రం పెద్దదవుతుంది, బాలుని ముఖం చట్రమంతా నిండుతుంది, రోడ్డు వంపు తిరుగుతుంది. కెమెరా ఎక్కడ ఉండవలెనో చిత్రకారుడు ఎరిగి గీసిన బొమ్మలవి. చదివేవాని కన్ను చట్రంనుంచి చట్రానికి ఉరుకుతుంది. ఆ ఉరకలోనే కదలిక పుడుతుంది. ఒసాకాలో చవుకకాగితం మీద అచ్చయిన ఆ పుస్తకం 4 లక్షల ప్రతులు అమ్ముడుపోయినదని చెప్పుకొంటారు. అన్నము చాలని దేశంలో పిల్లలు దానికై ఎగబడినారు. వారిలో ఇద్దరు మిత్రులు తరువాత ఫుజికో ఫుజియో అనే ఉమ్మడి పేరుతో ప్రసిద్ధులైనారు. మన పిల్లలు టెలివిజన్‌లో చూచి నవ్వుకొనే డోరేమాన్ వారిలో ఒకరి సృష్టి. టోక్యోలో తెజుకా ఖాళీ చేసిపోయిన అద్దెగదిలో వారు కాపురం పెట్టినారు.

డిస్నీ చిత్రాలు యుద్ధానంతరం జపానుకు వచ్చినవి. 1951లో బాంబి వచ్చినప్పుడు తెజుకా హాలుకు దగ్గరనే బస ఏర్పాటు చేసుకొని, ఉదయపు ఆటనుంచి రాత్రి ఆట వరకు కదలకుండా చూచేవాడు. ఎనభై సార్లకు పైగా చూచినాడని ప్రతీతి. మంచుమీద కాలుజారే లేడిపిల్ల కాలు ఎన్ని బొమ్మలలో జారినదో చీకట్లోనే లెక్కించుకొనేవాడు కాబోలు! ఆ మోజు అతనిని జీవితాంతం వదలలేదు.

1952లో వైద్యపరీక్ష నెగ్గినాడు. వైద్యం చేయవలెనా, బొమ్మలు వేయవలెనా అన్న సందిగ్ధంలో తల్లి అతనికి ఇష్టమైనది చేయుమన్నది. తెజుకా టోక్యో చేరినాడు. ఆ సంవత్సరం మొదలైన బలిష్ఠ అణుబాలుని కథ, అతోము కథ, అతని పేరును ఇంటింటికీ చేర్చినది. ఒక శాస్త్రజ్ఞుని కుమారుడు కారు ప్రమాదంలో మరణిస్తాడు. తండ్రి దుఃఖం పట్టలేక అదే రూపంతో యంత్రబాలుని నిర్మిస్తాడు. పిల్లవాడు అన్నిటా కుమారుని వలెనే ఉన్నాడు. ఎదగటం మాత్రం లేదు. ఎదగని బిడ్డను చూడలేక ఆ తండ్రి వానిని సర్కసువారికి అమ్మివేస్తాడు. పిల్లల పత్రికలో ఇటువంటి కథ! తెజుకాను బాలల రచయిత అని తేలికగా చూచేవారు ఈ ఒక్క ఘట్టం చదివినా చాలును.

అతని రచనావిధానం విచిత్రమైనది. ఒకేసారి అయిదారు పత్రికలకు ధారావాహికలు వ్రాసేవాడు. ఒక్కొక్క పత్రిక సంపాదకుడు అతని ఇంటి ముందుగదిలో పడిగాపులు కాసేవాడు. ఎవరి కథ ముందు పూర్తికావలెనన్న విషయమై వారిలో వారికి తగవులు. కొందరు అతనిని సత్రపు గదిలో పెట్టి, పుటలు చేతికి వచ్చేవరకు బయటికి రానిచ్చేవారు కారు. అతడును తక్కువవాడు కాదు. సందు దొరికితే పారిపోయి సినిమా చూచి వచ్చేవాడు. నిద్ర నాలుగు గంటలు. పాత్రల ముఖాలు తాను గీసి, నలుపులు నింపటం, వెనుకటి ఇండ్లు చెట్లు వేయటం సహాయకులకు అప్పగించేవాడు. అప్పటికి బొమ్మలకథ ఒక్కరు ఇంటిలో కూర్చుండి చేసుకొనే పని. దానిని పదిమంది చేతులమీద నడిచే పనిగా మార్చినవాడు తెజుకా.

ఇంకొక పద్ధతి కూడ చెప్పుకోదగినది. అతని పాత్రలు ఒక కథకు కట్టుబడినవి కావు. మన సురభి నాటకసమాజంలో నేటి కృష్ణుడు రేపు మరొక వేషం కట్టినట్లు, తెజుకా గీసిన మీసాల ముసలివాడు ఒక కథలో అపరాధపరిశోధకుడు, మరొక కథలో బడిపంతులు. ఒక కథలో మంచివాడైన కుర్రవాడు వేరొక కథలో దుర్మార్గుడై వస్తాడు. పాఠకుడు ఆ ముఖాన్ని ఎరుగును. వేషం మాత్రం కొత్తది. తానొక సినిమా కంపెనీ యజమానినన్న ఊహ అతనికి ఆదినుంచీ ఉన్నది. నటులు సిద్ధం, కెమెరా సిద్ధం. నిజమైన ఫిల్ము మాత్రమే రావలసి ఉన్నది.

మొదటి అవకాశం 1960లో వచ్చినది. చైనాదేశపు వానరవీరుని కథను తెజుకా బొమ్మలుగా వేసి ఉండగా తోయే సంస్థ వారు దానిని చలనచిత్రంగా తీసినారు. అతనిని దర్శకులలో ఒకనిగా చేర్చుకొన్నారు. పెద్ద సంస్థలో వందమంది మాట సాగుతుంది. ఒక్కని మాట సాగదు. కథ చివర వానరుని ప్రియురాలు మరణించవలెనని తెజుకా పట్టుపట్టినాడు. సంస్థవారు ఒప్పుకొనలేదు. అటువంటి విషాదం కథకు అవసరమా, లేక కన్నీటి కోసం తెచ్చిపెట్టినదా అన్నచోట అక్కడి యువచిత్రకారులలో కొందరికి అతనిపై విముఖత కలిగినది. ఆ తరువాత ఆ సంస్థలో చేరిన హయావో మియజాకి అనే యువకుడు ఈ సంగతిని మరువలేదు. అతని మాట ముందు వస్తుంది.

1961లో రెండు పనులు జరిగినవి. నత్తజాతి జీవి బీజకణాల నిర్మాణాన్ని సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి వ్రాసిన గ్రంథానికి తెజుకాకు నారా వైద్యవిశ్వవిద్యాలయం డాక్టరు పట్టం ఇచ్చినది. ఆ ఏడే టోక్యోలోని నెరిమా ప్రాంతంలో, తన ఇంటి స్థలంలోనే, కొద్దిమంది చిత్రకారులతో చిత్రసంస్థ ప్రారంభమైనది. పెట్టుబడి పత్రికలలో వేసిన బొమ్మలకథల ఆదాయం. వారి మొదటి చిత్రం ఒక వీధిమలుపు కథ. పెద్ద సంభాషణలు లేవు. గోడమీది ప్రకటనబొమ్మలు, ఒక పాప, ఆమె ఎలుగుబంటి బొమ్మ, ఒక ఎలుకపిల్ల, ఒక చెట్టు. యుద్ధం వస్తుంది, గోడమీది బొమ్మలు మండిపోతాయి. ఒసాకాలో కాలిన వీధులను చూచినవాడు తీసిన చిత్రమది. 1962లో ప్రదర్శించినప్పుడు బహుమానాలు వచ్చినవి, డబ్బు రాలేదు. సంస్థలోని వారికి జీతాలు ఇవ్వవలెను. అందుకు తెజుకా ఎన్నుకొన్న మార్గం జపాను బొమ్మల చిత్రాల చరిత్రనే మలుపు త్రిప్పినది.

1963 జనవరి 1వ తేదీ సాయంకాలం ఆరుంబావుకు ఫుజి టెలివిజన్‌లో అణుబాలుడు కదిలినాడు. వారానికొక అరగంట చిత్రం. 1966 డిసెంబరు 31 వరకు 193 భాగాలు. అరగంట నిడివిగల బొమ్మల చిత్రాన్ని వారంవారం ఎవరైనా ఇవ్వగలరని అంతకు ముందు జపానులో ఎవరూ నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో లెక్క చూస్తే తెలుస్తుంది. చలనచిత్రం సెకనుకు 24 ఫ్రేములు. ప్రకటనలు పోగా ఇరవై అయిదు నిమిషాల చిత్రానికి 36,000 ఫ్రేములు. ఒక్కొక్క బొమ్మను రెండు ఫ్రేములకు వాడినా 18,000 బొమ్మలు గీయవలెను. ఏడు రోజులలో అది మానవమాత్రులకు సాధ్యమా? తెజుకా బృందం ఆ సంఖ్యను రెండువేలకు, కొన్నిచోట్ల అంతకంటె తక్కువకు దించినది.

దించిన ఉపాయాలు ఇవి. ఒక బొమ్మను మూడు ఫ్రేములకు సాగదీసినారు. మాటలాడేవాని ముఖమంతా కదలకుండ ఉంచి పెదవులు మాత్రం మార్చినారు. పరుగెత్తేవాని కాళ్లబొమ్మలు కొన్నిటినే మరల మరల తిప్పుతూ, వెనుకనున్న దృశ్యపటాన్ని లాగినారు. కోపం వచ్చినవాని ముఖాన్ని నిశ్చలంగా నిలిపి కెమెరాను దానిమీదికి త్రోసినారు. ఒకసారి గీసిన ఎగిరే బాలుని బొమ్మలను భద్రపరచి, కావలసినప్పుడల్లా తీసి వాడుకొన్నారు. ఆ నిల్వకు బ్యాంకు అనియే పేరు. కదలిక తగ్గినచోట కథావేగం, సంగీతం, ధ్వనులు పూరించవలసి వచ్చినది. అమెరికాలోనూ ఇటువంటి పొదుపు అంతకు ముందే ఉన్నది. కాని వారి హాస్యపు తునకలకు పనికివచ్చిన పొదుపును ఇతడు శోకానికి, వీరానికి పనికివచ్చేటట్లు చేసినాడు. బొమ్మ నిలిచిపోయినా ప్రేక్షకుని కన్ను నిలువదన్న రహస్యం అతనికి కాగితం నేర్పినది. కొత్త రత్నద్వీపంలో కారును కదిలించిన విద్యయే ఇది. అక్కడ నిశ్చలమైన బొమ్మలు కదిలినట్లు తోచినవి. ఇక్కడ కదలవలసిన బొమ్మలు నిశ్చలంగా నిలిచినవి. దేశంలోని పిల్లలకు ఈ భేదం పట్టలేదు. ఒక దశలో చూచేవారి సంఖ్య నూటికి నలభై దాటినది. అదే సంవత్సరం అమెరికాలోనూ ప్రదర్శన ఆరంభమైనది.

ధర సంగతి వేరు. ఒక్కొక్క భాగాన్ని తెజుకా సుమారు 5 లక్షల 50 వేల యెన్‌లకే ఇచ్చినాడని చిరకాలం ప్రసిద్ధి. ప్రకటనల సంస్థ చాటున మరికొంత చెల్లించినదని తరువాతి పరిశోధకులు లెక్కలు తీసినారు. ఎట్లయినా అది ఖర్చును చూచి కట్టిన ధర కాదు. ధర తక్కువైతే ఇతరులు పోటీకి రారని అతని అంచనా. లోటును మిఠాయిపెట్టెల మీది బొమ్మలు, ఆటవస్తువులు, విదేశాల అమ్మకం పూరిస్తాయని ఆశ. ఆశ కొంత ఫలించినది. అంచనా మాత్రం ఆ ఏడు గడవకముందే తప్పినది. ఇతర సంస్థలు మూడునాలుగు అదే సంవత్సరం అదే దారిపట్టినవి. టెలివిజన్ వారికి ఈ సరుకు చవుక అన్న అలవాటు పడినది. ఆ అలవాటుకు మూల్యం చెల్లించినది రాత్రింబవళ్లు బల్లలముందు వంగి కూర్చున్న చిత్రకారులు. 1989లో తెజుకా మరణించినప్పుడు అందరూ నివాళులు వ్రాస్తుండగా, అప్పటికి ప్రసిద్ధ దర్శకుడైన మియజాకి ఈ లెక్కనే ఎత్తిచూపినాడు. బొమ్మలకథలో తెజుకాకు తాను ఋణపడి ఉన్నానని ఒప్పుకొంటూనే, కదిలే బొమ్మల విషయంలో అతని ధర, అతని పద్ధతి ఈ కళకు కీడు చేసినవని నిర్మొహమాటంగా వ్రాసినాడు. చనిపోయినవానిని గురించి అట్లు వ్రాయటం కఠినమే. అయినా తోసివేయటానికి వీలులేని మాట. మరొక ప్రక్క, ఆ చవుకధర లేకుంటే ఆ పరిశ్రమే పుట్టి ఉండేది కాదని, ముషి సంస్థలో పని నేర్చినవారే తరువాత దేశంలోని మేటి దర్శకులై వేరే సంస్థలు స్థాపించినారని చెప్పేవారున్నారు. రింతారో, ఒసాము దెజాకి, యోషియుకి తొమినో మొదలైనవారు ఆ బల్లల ముందు కూర్చుండి లేచినవారే. రెండు మాటలూ నిజమే కావటం ఇందులోని చిక్కు.

తెల్లసింహపుపిల్ల కథను 1965లో రంగులలో ధారావాహికగా తీసినారు. జపాను టెలివిజన్‌కు అది రంగుల బొమ్మల ధారావాహికలలో మొదటిది. 1969లో అరేబియా రాత్రుల కథ, 1970లో క్లియోపాత్రా, పెద్దవారి కోసం తీసిన చిత్రాలు. మొదటిది ఆడినది, రెండవది ఆడలేదు. పత్రికలలో సంపాదించినది ఫిల్ములో పోసి, ఫిల్ము మ్రింగినదానికి మరల పత్రికలలో వ్రాసి తెజుకా అలసిపోయినాడు. బొమ్మలకథ ఇల్లాలు, చలనచిత్రం ఉంపుడుకత్తె అని అతడే చమత్కరించేవాడు. ఏ ఇంటనైనా ఆ లెక్క ఎట్లా తేలుతుందో అట్లే తేలినది. 1971లో సంస్థాధిపత్యం వదలుకొన్నాడు. 1973లో ముషి సంస్థ దివాలా తీసినది. అతని ఇల్లు కూడ పోయినది. కొత్తతరం పాఠకులు అతనిని పాతకాలపువానిగా లెక్కకట్టినారు.

అప్పుడు పత్రికవారు మర్యాదకొరకు కొద్దివారాలు చోటిచ్చినారు. అందులో అతడు మొదలుపెట్టినది పట్టా లేని శస్త్రవైద్యుని కథ, బ్లాక్ జాక్. పట్టా ఉండీ వైద్యం చేయని తెజుకా, పట్టా లేక వైద్యం చేసేవానిని సృష్టించినాడు. కొద్దివారాలకని మొదలైన కథ పదేండ్లు సాగినది.

మన దేశపు పాఠకునికి ఆ రోజులలో నడచిన మరొక రచన ముఖ్యమైనది. 1972నుంచి 1983 వరకు అతడు బుద్ధుని జీవితాన్ని బొమ్మలకథగా వేసినాడు. ఆరంభమే శశజాతకం. ఆకలిగొన్న వృద్ధునికి ఇచ్చేందుకు ఏమీ లేని కుందేలు తానే అగ్నిలోకి దూకుతుంది. ఆ ఘట్టంలో మాటలు లేవు. బొమ్మ వెంట బొమ్మ, మంచు, నిప్పు, దూకిన కుందేలు. జాతకకథను రాతిమీద చట్రాలుగా మలచిన అమరావతి శిల్పాలను చూచినవారికి ఈ పుటలు కొత్తగా తోచవు. సిద్ధార్థుడు జన్మించటానికి ముందే కథ చాలాదూరం నడుస్తుంది. దానిని నడిపేవారు శూద్రబాలుడు చాప్రా, అంతకంటె తక్కువగా చూడబడిన తత్తా. వీరు గ్రంథాలలో లేనివారు, తెజుకా కల్పించినవారు. బుద్ధకథకు ఇంత స్వేచ్ఛ తగునా అని శంకించేవారు ఉంటారు. కాని రాజకుమారుని దుఃఖానికి ముందు దాసీపుత్రుని దుఃఖాన్ని చూపటం బౌద్ధానికి విరుద్ధమని ఎవరనగలరు?

సంస్థ పోయినా చలనచిత్రం మీద మోజు పోలేదు. ఈసారి వారంవారం సరుకు కాక, తనకోసం చిన్నచిత్రాలు తీయసాగినాడు. 1984లో తీసిన జంపింగ్ ఆరు నిమిషాల చిత్రం. ఎవరో గంతులు వేస్తూ పోతున్నారు. ఆ గంతులు వేసేవాని కన్నే కెమెరా. మొదట చిన్నగంతు, తరువాత ఇంటిని దాటే గంతు, ఊరిని, పొలాలను, సముద్రాన్ని దాటే గంతులు. ఒకటి యుద్ధభూమిలో దిగుతుంది. ఎక్కడా తెగకుండ ఒకే దృశ్యం. అంటే దృశ్యపటం ఒకటి వేసి దానిపై బొమ్మను జరిపే పొదుపునకు అవకాశం లేదు. భూమి, ఆకాశం, ఇండ్లు అన్నీ ప్రతి బొమ్మలోనూ మరల గీయవలెను. ఆరు నిమిషాలకు సుమారు నాలుగువేల బొమ్మలు పట్టినవి. అణుబాలుని రెండు భాగాలకు సరిపోయే బొమ్మలను ఆరు నిమిషాలలో ఖర్చుచేసినాడు! జాగ్రెబ్ ఉత్సవంలో దానికి ప్రథమబహుమానం లభించినది. మరుసటి సంవత్సరం హిరోషిమాలో జరిగిన మొదటి అంతర్జాతీయోత్సవంలో, చిరిగి గీతలుపడిన పాత ఫిల్మును పరిహాసంగా అనుకరించిన మరొక చిన్నచిత్రానికీ అదే గౌరవం.

1986లో జపాను ప్రభుత్వ ప్రసారసంస్థ వారు అతని పనిగదిలో కెమెరా పెట్టి ఒక చిత్రం ప్రసారం చేసినారు. చిన్నగది, ఎవరినీ రానివ్వని గది. ఏబది ఏడేండ్ల మనిషి నేలమీద, బల్లమీద, వాహనంలో కూడ గీస్తూనే ఉంటాడు. అందులో ఒకచోట, ఇప్పుడు తన చేయి గుండ్రని గీతను సరిగా గీయలేకపోతున్నదని అతడు ఒప్పుకొంటాడు. ఊహలైతే చవుకకు అమ్ముకొనేటన్ని ఉన్నవి. వృత్తం మాత్రం కుదరటంలేదు. అతోము తల, సింహపుపిల్ల చెక్కిలి, అతని బొమ్మలన్నీ వృత్తంలోనుంచి పుట్టినవే కదా!

ఆ చేతితోనే 1987లో అరణ్యకథ అనే చిత్రాన్ని వెలువరించినాడు. చైకోవస్కీ నాల్గవ సింఫనీకి నాలుగు అంగాలు. చిత్రానికీ నాలుగు భాగాలు ఉండవలెనని సంకల్పం. పూర్తయినవి మొదటిది, నాల్గవది. చెట్లు నరికేవానికీ, అడవిలోని ఉడుతకూ జరిగే పోరు మొదటి భాగం. కథ ముందుకు నడుస్తున్నకొద్దీ బొమ్మల తీరు మారుతుంది. ఆదికాలపు నిశ్చలరేఖలనుంచి, తొలినాటి గీతల చిత్రాలనుంచి, డిస్నీ నిండుకదలిక వరకు ఆ కళ చరిత్రంతా ఒక అడవిలో జరిగిపోతుంది. నాల్గవ భాగంలో అడవిని కాపాడుకొనే వనదేవతలు, మరుగుజ్జులు ఉంటారు. వారిని బాంబి నాటి నిండుకదలికతో, తేలే దూదిపింజల వలె గీయించినాడు. అడవిని కూల్చవచ్చినవారు యంత్రాలతో వస్తారు. వారి నాయకుని ముఖంలో హిట్లరు పోలిక. వారి కాళ్లు బిగిసిన కాళ్లు, ముఖాలు నిశ్చలం, పెదవులు మాత్రమే ఆడుతాయి. చూచేవారు ఆ తీరును గుర్తుపట్టకపోరు. అది టెలివిజన్ బొమ్మల తీరు. 1963లో అతని ఇంటి స్థలంలో, అతని బల్లలమీద పుట్టిన తీరు. మియజాకి తన మాట వ్రాయటానికి రెండేండ్ల ముందే తెజుకా ఈ బొమ్మలు వేయించి ఉన్నాడు.

1988 మార్చిలో అతని కడుపుకు శస్త్రచికిత్స జరిగినది. అది పుట్టకురుపు అని అతనికి ఎవరూ చెప్పలేదు. రోగికి చెప్పకపోవటం ఆనాటి జపానులో ఆచారం. బ్లాక్ జాక్‌ను సృష్టించిన వైద్యుడు తన శరీరంలో జరుగుతున్నది ఊహించలేదని నమ్మటం కష్టం. ఆ శీతాకాలంలో షాంఘైలో జరిగిన బొమ్మల చిత్రాల ఉత్సవానికి పోయి అక్కడ కూలిపోయినాడు. టోక్యో ఆస్పత్రిలో పడక మీద కూడ పెన్సిలు అడిగేవాడు. పని చేయనిమ్మని బ్రతిమాలుకొనేవాడు. మూడు ధారావాహికలు మధ్యలో ఉన్నవి. 1954లో మొదలుపెట్టి జీవితమంతా వ్రాస్తూ వచ్చిన అగ్నిపక్షి కథకు ముగింపు లేదు. 1989 జనవరిలో చక్రవర్తి హిరోహితో మరణించినాడు. తరువాత నెలనాళ్లకు, ఫిబ్రవరి 9వ తేదీన, తెజుకా కన్నుమూసినాడు. చిన్నవయస్సులో పత్రికలవారు లెక్కచేయరేమోనని వయస్సు రెండేండ్లు ఎక్కువ చెప్పుకొనటం వలన అతనికి అరవై రెండని లోకం అనుకొన్నది. నిజానికి అరవై.

లక్షన్నర పుటల బొమ్మలు మిగిలినవి. 1994లో తకరజుకాలో అతని పేర ప్రదర్శనశాల వెలసినది. అరణ్యకథ రెండవ భాగానికి తండ్రి వదలివెళ్లిన ఊహలను ఆధారం చేసుకొని, 2014లో కుమారుడు మకోతో బొమ్మలు కట్టించినాడు.